గాడీ ఒకటి తలిస్తే.. గాడి ఇంకోటి తలిచింది

ఈ వారం ఆఫీసు కబుర్లు లేవు. ఏఐ మన ఉద్యోగాలు తీసేస్తుందా లేదా అన్న చర్చ వచ్చే వారానికి వాయిదా. ఈసారి కారు గురించి. కారు లేనివాళ్లూ చదవండి, బైకున్న వాళ్లకి కూడా ఇందులో కొంచెం పని ఉంది.

మూడు నెలల కిందటి మాట. రాత్రి పదకొండున్నరకి గచ్చిబౌలిలో ఔటర్ ఎక్కి, రాజేంద్రనగర్ వైపు దిగి, ఆరాంఘర్ దగ్గర ఫ్లైఓవర్ ఎక్కాను. 2025 జనవరి 6న తెరిచిన ఫ్లైఓవర్ అది, మన్మోహన్ సింగ్ పేరు పెట్టారు. నాలుగు కిలోమీటర్ల పైన ఉంటుంది. పీవీ ఎక్స్‌ప్రెస్‌వేని పక్కన పెడితే నగరంలో అంత పొడుగున్నది ఇంకోటి లేదు. దాని మీద నా బండి వెన్న మీద చాకులా పోతుంది. పాటలు, చల్లగాలి, ఇంకో పది నిమిషాల్లో ఇల్లు. జూ పార్క్ దగ్గర కిందికి దిగి బహదూర్‌పురా చౌరస్తా వైపు తిరిగానో లేదో, స్టీరింగ్ ఎడమకి గుంజేసింది. పక్క సీట్లోంచి ఎవరో చెయ్యి చాపి లాగినట్టు.

ఎడమ పక్కన బైకు. బైకు మీద భార్యాభర్తలు, పెట్రోల్ ట్యాంకు మీద నిద్రపోతున్న చిన్న పిల్ల. బండి ఎంత జరిగింది? జానెడా, మూరెడా? నేనైతే కొలవలేదు. అతను బైకు పక్కకి కోసుకుని తప్పించుకున్నాడు. సిగ్నల్ దగ్గర నా అద్దం పక్కన ఆగి తిడతాడనుకున్నా. తిట్టలేదు. "సోరై క్యా మియా?" అని మాత్రం అడిగాడు. నిద్రపోతున్నావా అని. వెనక కూర్చున్న ఆవిడ ఏమీ అనలేదు, పిల్ల తల మీద చెయ్యి పెట్టుకుని నా బండి టైర్ల వంక చూసింది. ఆ చూపు ఇంకా గుర్తుంది.

నేను నిద్రపోలేదు. ఫోన్ చేతిలో లేదు. స్పీడు 45 దాటలేదు. మరి ఏమైంది?

ముందు బండి సంగతి చెప్పాలి. సెకండ్ హ్యాండ్ టర్బో హ్యాచ్‌బ్యాక్. కంపెనీ పేరు రాయను, తప్పు కంపెనీది కాదు గనక. టీఎస్ 12 నంబరు, అంటే మా సౌత్ జోన్‌దే. కంపెనీ వాళ్లు దీనికి 195/55 ఆర్16 టైర్లిచ్చారు. బుద్ధిగా ఉండేవి. కానీ బుద్ధిగా ఉండే టైర్లతో ఇన్‌స్టాలో ఫొటో పెడితే ఎవరు చూస్తారు చెప్పండి? బోనస్ పడ్డ నెలలో 17 అంగుళాల అల్లాయ్స్, వాటి మీద 215/45 టైర్లు వేయించా. రెండూ కలిపి డెబ్భై ఎనిమిది వేలు. ఇంట్లో నలభై అని చెప్పా. (అమ్మ ఈ కాలమ్ చదవదు. చెల్లి చదువుతుంది. చూద్దాం.)

వేయించే ముందు లెక్క చూసుకోకపోలేదు. ఇంజినీరింగ్ చదివా కదా. పాత చక్రం మొత్తం ఎత్తు 621 మిల్లీమీటర్లు, కొత్తది 625. ఒక శాతం కూడా తేడా లేదు, స్పీడోమీటర్ అబద్ధం చెప్పదు, టైరు ఎక్కడా రాసుకోదు. అంతే, నిశ్చింత. అల్లాయ్స్ మార్చే ప్రతివాడూ చూసే లెక్క అదొక్కటే. చూడని లెక్కలు వేరే ఉన్నాయని ఆ రాత్రి దాకా నాకు తెలియదు.

ఇంటికి వచ్చి నాయినకి చెప్పా. నాయిన రిటైరైన ఆర్టీసీ డ్రైవర్. మహబూబ్‌నగర్ రూట్లో ముప్పై ఏళ్లు బస్సు నడిపాడు, జూ ముందు రోడ్డు ఆయనకి అరచెయ్యి. అంతా విని ఒకే ఒక్క మాటన్నాడు. "బండి గాడిల పడ్డది."

మా ఏరియాలో ఈ మాటతో ఒక తిరకాసుంది. ఉర్దూలో గాడీ అంటే బండి. తెలుగులో గాడి అంటే బండి చక్రాలు నడిచి నడిచి నేలలో పడ్డ చాలు. ఎడ్లబండి కాలం నుంచీ ఉన్న మాట. దారికొస్తే గాడిన పడ్డాడంటాం, చెడిపోతే గాడి తప్పాడంటాం. మన భాషలో గాడిన పడటం మంచిదే. బండి తోలేవాడికి మాత్రం గాడి అంత మంచి చుట్టమేం కాదు. అందులో పడ్డాక ఎద్దులు పోవాలనుకున్న చోటికి కాదు, గాడి పోతున్న చోటికే బండి పోతుంది.

కార్ల వాళ్లు దీన్ని ట్రామ్‌లైనింగ్ అంటారు. ట్రామ్ పట్టాలు రోడ్డులోకి దిగి ఉంటాయి కాబట్టి వాటి పక్కన సన్నటి గాడి ఉంటుంది, చక్రం అందులో పడితే పట్టా వెంటే పోవాల్సి వస్తుంది. అలా వచ్చింది పేరు. హైదరాబాద్‌లో ట్రాములు ఎప్పుడూ లేవు. మనవాళ్లు చాలామంది బతుకుదెరువుకి వెళ్లిన మద్రాసులో ఉండేవి. 1895లో కరెంటు ట్రాములు మొదలై 1953లో ఆగిపోయాయి. కలకత్తాలో కొన్ని మిగిలాయి. ట్రాములు లేని ఊళ్లో ట్రామ్‌లైనింగ్ ఎక్కడి నుంచి వచ్చిందంటే, పట్టాలు మనం వేయక్కర్లేదు, లారీలే వేస్తాయి.

బహదూర్‌పురా నుంచి ఆరాంఘర్ దాకా పాత రోడ్డు మీద ఒకసారి పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు నిలబడి చూడండి. మధ్యాహ్నం కనపడదు. పక్క నుంచి వెలుతురు పడితే రెండు పొడుగాటి పల్లాలు కనిపిస్తాయి, బస్సు చక్రాల మధ్య ఎంత దూరమో అంత దూరంలో. బెంగళూరు దారి కదా, బరువు బళ్లు దశాబ్దాలుగా ఇటే. ఎండాకాలం తారు మెత్తబడుతుంది. రోడ్లకి వాడే తారుకి గ్రేడు ఇచ్చేటప్పుడు దాని చిక్కదనాన్ని 60 డిగ్రీల దగ్గర కొలుస్తారు. ఎండలో రోడ్డు పైభాగం ఆ వేడికి చేరుతుంది కాబట్టే ఆ లెక్క. మెత్తబడ్డ తారు మీద లారీ వేగంగా పోతే పెద్ద నష్టం లేదు. మెల్లగా పోయినా, సిగ్నల్ దగ్గర ఆగినా, బ్రేకు తొక్కినా తారు పక్కకి జరిగి చాలు పడుతుంది. అందుకే గాళ్లు అన్నిటికన్నా లోతుగా ఉండేది చౌరస్తాల ముందు, బస్టాపుల దగ్గర, ఫ్లైఓవర్ దిగే చోట. సరిగ్గా మన పక్కన బైకులు మూగే చోట్లు కూడా అవే.

ఇది కాక ఇంకో రకం. పైపు కోసమో కేబుల్ కోసమో రోడ్డు పొడుగునా తవ్వి పూడ్చిన పట్టీ. కొత్త తారుకీ పాత తారుకీ మధ్య వేలెడు గట్టు. రోడ్డుకి అడ్డంగా ఉన్న గతుకు ఎంత పెద్దదైనా నడుము విరగ్గొడుతుంది గానీ దారి మార్చదు. ఫ్లైఓవర్ మీద టక్ టక్ మనే జాయింట్లు అడ్డంగా ఉంటాయి, వాటి వల్ల ఏ బాధా లేదు. పొడుగునా ఉన్న గట్టు వేలెడంత ఉన్నా చాలు, బండిని పట్టుకుంటుంది. సన్న టైర్ల మీద నడిచే బైకుకి ఇంకా ప్రమాదం. గట్టు వెంటే పోతూ పోతూ ఎక్కించబోతే ముందు చక్రం జారుతుంది. ఎక్కాలనుకుంటే కాస్త అడ్డం తిప్పి, నిదానంగా ఎక్కండి. బైకు వాళ్లకి పనుందని మొదట్లో అన్నది ఇదే.

మరి అదే రోడ్డు మీద పాత టైర్లతో రెండేళ్లు నడిపా కదా, అప్పుడెందుకు గుంజలేదు?

మీ చేతిలో ఫోన్ ఉంది కదా, దాన్ని టేబుల్ మీద నిలువుగా పెట్టండి. ఒక టైరు నేలను తాకే చోటు దాదాపు అంతే ఉంటుంది. టన్ను పైన బరువున్న కారు నాలుగు ఫోన్ల మీద నిలబడి పరిగెడుతోందన్నమాట. వెడల్పు టైరు వేస్తే ఆ చోటు బాగా పెరిగిపోతుందని నేనూ అనుకున్నా. పెద్దగా పెరగదు. టైరు మీద బరువెంత, లోపల గాలి ఎంత అన్నదాన్ని బట్టే ఆ విస్తీర్ణం ఉంటుంది. మారేది ఆకారం. ఇప్పుడు ఫోన్ని అడ్డంగా తిప్పండి. కొంచెం అతి చేసి చెప్తున్నా గానీ, జరిగేది అదే. ముందు వెనకలకి పొట్టి, పక్కలకి పొడుగు. మలుపుల్లో పట్టు ఎక్కువ. కానీ అంత వెడల్పు పాదం గాడి మీద పడ్డప్పుడు ఒక అంచు గట్టు మీద, ఇంకో అంచు పల్లంలో ఉంటాయి. బరువంతా ఒక అంచు మీదకి పోతుంది. ఆ అంచు ఎటు లాగితే చక్రం అటు.

పాత టైరుకి పక్క గోడ ఎత్తు 107 మిల్లీమీటర్లు, కొత్తదానికి 97. సెంటీమీటరే కదా అనిపిస్తుంది. పైగా కొత్త గోడ గట్టిది. పాత మెత్త గోడ గట్టు తాకినప్పుడు తాను వంగి, దెబ్బ తానే మింగేది. కొత్తది వంగదు, వచ్చిన దెబ్బని వచ్చినట్టు స్టీరింగ్ రాడ్డుకి, అక్కడి నుంచి నా చేతులకి పంపిస్తుంది. రోడ్డు ఫీల్ అని రివ్యూల్లో మురిసిపోతారు చూడండి, అది ఇదే. మంచి రోడ్డు మీద ఫీల్, మా రోడ్డు మీద ఫిర్యాదు.

మూడోది అల్లాయ్ వెనక రాసి ఉండే ఆఫ్‌సెట్. పాతదాని మీద ఈటీ 43, కొత్తదాని మీద ఈటీ 35. అంటే చక్రం మధ్య గీత 8 మిల్లీమీటర్లు బయటికి జరిగింది. అల్లాయ్ కూడా వెడల్పు కాబట్టి బయటి అంచు మొత్తం మీద రెండు సెంటీమీటర్లు బయటికొచ్చింది. ఫొటోలో బాగుండేది ఆ రెండు సెంటీమీటర్లే. తలుపుని కీలు దగ్గర తోసి చూడండి, కదలదు. గొళ్లెం దగ్గర తోస్తే చిటికెన వేలు చాలు. చక్రం తిరిగే ఇరుసు గీత కీలు అనుకుంటే, టైరు నేలను తాకే చోటు దానికి ఎంత దూరం జరిగితే రోడ్డు చేతికి అంత బలం వస్తుంది. నేను డబ్బులిచ్చి మరీ రోడ్డుకి బలం కొనిపెట్టా.

సరే, తప్పు ఎక్కడుందో తెలిసింది. డెబ్భై ఎనిమిది వేలు పోసి పెట్టించినవాటిని వెంటనే పీకేస్తామా? పీకం. ముందు ఇంకేదైనా మార్గముందా అని వెతుకుతాం.

ఆఫీసులో నేర్చుకున్న పద్ధతి ఒకటుంది. ఒకసారికి ఒక్కటే మార్చు, మార్చాక మళ్లీ అదే పరీక్ష పెట్టు. నా పరీక్ష ఆదివారం పొద్దున ఆరింటికి. ఫ్లైఓవర్ ఎక్కకుండా కింద రోడ్డు మీద చౌరస్తా నుంచి జూ, తాడ్‌బన్, శివరాంపల్లి మీదుగా ఆరాంఘర్. రావడం మాత్రం ఫ్లైఓవర్ మీద. ఎందుకంటే చదును రోడ్డు మీద కూడా బండి ఎప్పుడూ ఒకే పక్కకి లాగుతుంటే అది గాడి రోగం కాదు, వేరే రోగం. అలైన్‌మెంటో, బ్రేకు పట్టేయడమో, టైరులోనే లోపమో. నాది ఫ్లైఓవర్ మీద నిటారుగా పోతుంది. కింద మాత్రం ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి, రోడ్డు ఎటంటే అటు. రోగం పదికి ఎనిమిది అని ఫోన్‌లో రాసుకున్నా.

కిషన్‌బాగ్ వైపు ఒక అలైన్‌మెంట్ షాపుంది. పెద్దాయన, అందరూ చాచా అంటారు, నేనూ అదే. బండి ఆపి దిగానో లేదో టైరుని కాలితో తన్ని, "హవా కిత్నా హై?" అన్నాడు.

"అడ్తీస్ చాచా."

"ముప్పై ఎనిమిదా? ఏం బేటా, ఇది లారీయా?"

అల్లాయ్స్ అమ్మినవాడు చెప్పాడు మరి, గాలి తక్కువుంటే గుంతల్లో రిమ్ము వంగుతుందని. అందులో కొంత నిజముంది. కానీ గాలి ఎక్కువైతే అసలే గట్టిదైన టైరు రాయవుతుంది. డ్రైవర్ పక్క తలుపు తెరిస్తే ఫ్రేమ్ మీద స్టిక్కరుంటుంది. నా బండికి మామూలు బరువుకి 32 అని రాసి ఉంది. రెండేళ్లలో ఆ స్టిక్కరు వంక చూసిన పాపాన పోలేదు. ఇంకోటి, గాలి చూడాల్సింది బండి నడవక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు. నడిచాక కొలిస్తే వేడికి మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. నేను సొంతంగా ఒక గేజు కొని మర్నాడు పొద్దున్నే చూస్తే ఎడమ ముందు టైరులో 39, కుడి దాంట్లో 36. రెండు పక్కలా రెండు రకాలు. నాలుగింటికీ 33 పెట్టా. స్టిక్కరు కంటే తక్కువకి మాత్రం పోకూడదు, టైరు వేడెక్కుతుంది, రిమ్ము నిజంగానే వంగుతుంది.

ఆదివారం పరీక్ష. ఎనిమిది కాస్తా అయిదైంది. ఖర్చు సున్నా, గేజుని వదిలేస్తే. రోగంలో మూడో వంతుకు పైగా గాలిదే.

మళ్లీ చాచా దగ్గరికి. కంప్యూటర్ మీద పెట్టమన్నా. "కంప్యూటర్ తర్వాత. ముందు చెయ్యి," అని బండిని జాకీ మీద లేపాడు. ముందు చక్రాన్ని గడియారంలో తొమ్మిది, మూడు దగ్గర పట్టుకుని ఊపాడు. టక్ మని చిన్న చప్పుడు. నాకు వినపడలేదు, మళ్లీ ఊపి వినిపించాడు. టై రాడ్ ఎండ్ అరిగిపోయింది. అప్పుడు పన్నెండు, ఆరు దగ్గర పట్టుకుని ఊపాడు. చప్పుడు లేదు, అంటే బాల్ జాయింట్, బేరింగ్ బాగున్నాయి. లోపల ఇంత లూజు పెట్టుకుని కంప్యూటర్ మీద ఎన్నిసార్లు పెట్టినా దండగే, షాపు గేటు దాటేలోపు లెక్క మారిపోతుందని ఆయన వాదన. న్యాయమే. టై రాడ్ ఎండ్లు రెండూ మార్పించాకే అలైన్‌మెంట్.

స్క్రీన్ మీద ఎర్ర గీతలు. కంపెనీ చెప్పిన ప్రకారం ముందు చక్రాలు రవ్వంత లోపలికి చూడాలి. నావి డిగ్రీలో ఆరో వంతు బయటికి చూస్తున్నాయి. లేచి నిలబడి మీ పాదాలతోనే చూడండి. వేళ్లు లోపలికి తిప్పి నిలబడితే టో ఇన్, బయటికి తిప్పితే టో అవుట్. టో అవుట్‌లో ఎడమ చక్రం ఎడమకి, కుడి చక్రం కుడికి పోదామని చూస్తుంటాయి. రెండూ సమానంగా లాగినంతసేపు బండి నిటారుగానే పోతుంది. గాడి వల్ల ఒక చక్రం మీద బరువు పెరిగిందా, ఆ చక్రం గెలుస్తుంది, బండిని తనవైపు తీసుకుపోతుంది. టో ఇన్ ఉంటే ఆ తగువు లోపలికే ఉంటుంది కాబట్టి బండి త్వరగా సర్దుకుంటుంది. రేసు బళ్లకి మలుపు చురుగ్గా తీసుకోవడానికి టో అవుట్ పెట్టుకుంటారు. తాడ్‌బన్‌లో రేసులేవీ లేవు. అలాగే చక్రం తల లోపలికి వాలి ఉండటాన్ని క్యాంబర్ అంటారు, ఫొటోల కోసం దాన్ని పెంచుకుంటే టైరు లోపలి అంచు మీద నడుస్తూ గాళ్లకి ఇంకా తేలిగ్గా దొరుకుతుంది. నా బండికి కంపెనీ క్యాంబర్ మార్చే వీలివ్వలేదు. నాలాంటి వాళ్లుంటారని ముందే తెలుసు కాబోలు.

టో సరిచేశాడు. ఆదివారం పరీక్షలో మూడు.

మూడంటే నాకు ఆనందమే. స్టీరింగ్ చేతిలో గిలిగింత పెడుతుంది తప్ప గుంజదు. అదే ఊపులో సాయంత్రం నాయినని ఎక్కించుకుని బయల్దేరా. జూ గోడ వెంబడి పోతుంటే నా చేతుల వంక చూస్తున్నాడు.

"గట్టిగ ఎందుకు పట్టుకున్నవ్?"

"గుంజుతది కదా నాయినా."

"అది రవ్వంత గుంజుతది, నువ్వు గంపెడు గుంజుతున్నవ్. గాడిల ఉన్న బండితోని కొట్లాడొద్దు బిడ్డా. చేతులు మెత్తగ పెట్టు. దాన్ని కొంచెం పోనియ్యి, మల్ల అదే వస్తది. గాడి ఇడిసిపెట్టాల్నంటే ఒక్క దిక్కు పట్టుకొని మెల్లగ ఎక్కియ్యి."

చెప్పినట్టు చేశా. సగం వంకరలు నావే అని తేలింది. బండి ఎడమకి వేలెడు పోగానే భయంతో కుడికి జానెడు తిప్పుతున్నా, దాన్ని దిద్దబోయి మళ్లీ ఎడమకి. ముప్పై ఏళ్ల సర్వీసుని ఊరికే ఇవ్వరు. ఇంకో మాట కూడా చెప్పాడు. చక్రాలు సరిగ్గా లారీ గాళ్లలో పెట్టి నడపకుండా వీలైనచోట కొంచెం పక్కకి, మధ్య మిట్ట మీద ఒక చక్రం ఉండేట్టు నడపమని. వీలైన చోటే, పక్కన బైకుంటే ఆ ముచ్చట వద్దు.

ఇక్కడితో ఈ కథ అయిపోయిందనుకున్నా. గాలి 33, టో ఇన్, చేతులు మెత్తగా, రోగం మూడు. అల్లాయ్స్ ఉన్నాయి, పరువుంది.

జూన్‌లో చెల్లికి ఉద్యోగం వచ్చింది, శంషాబాద్‌లో. ఆరు నెలలు నేను వర్క్ ఫ్రమ్ హోమ్, కాబట్టి కారు నువ్వే తీసుకెళ్లు అన్నా గొప్పగా. లైసెన్సొచ్చి ఏడాదైంది, జాగ్రత్తగానే నడుపుతుంది. మొదటి వాన పడ్డ రోజు సాయంత్రం ఇంటికొచ్చి తాళం టేబుల్ మీద పెట్టింది. విసరలేదు, పెట్టింది.

"అన్నా, దానంతటదే తిరిగింది. తాడ్‌బన్ కాడ. నేను స్టీరింగ్ వదిలేసిన."

"వదిలేసినవా?"

"చెయ్యి జారిందన్నా. పక్కన ఆటో ఉంది."

ఏమీ కాలేదు. ఆటో ఆయన హారన్ కొట్టి పోయాడు. కానీ నాకు ఆ రాత్రి బైకు గుర్తొచ్చింది, పిల్ల తల మీద చెయ్యి గుర్తొచ్చింది. మూడు అని ఫోన్‌లో రాసుకున్నది ఎవరి మార్కు? నాది. మూడు నెలలు ప్రతి ఆదివారం అదే రోడ్డు మీద తిరిగి, ఎక్కడ గుంజుతుందో ఒళ్లంతా తెలిసిపోయినవాడి మూడు. మొదటిసారి కూర్చున్న మనిషికి అది ఏడో ఎనిమిదో. పైగా వాన. గాళ్లలో నీళ్లు నిలుస్తాయి, ఎంత లోతుందో కనపడదు. వెడల్పు టైరు నీళ్ల మీద తొందరగా తేలుతుంది కూడా. సన్న టైరు నీటిని కోసుకుపోతే, ఇది తెప్పలా పైకెక్కుతుంది. ఆ లెక్క కూడా నేను చూసుకోలేదు.

చట్టం సంగతి సరేసరి. మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్ మీద గట్టిగానే చెప్పింది. మీ మోడల్లోనే పై వేరియంట్‌కి కంపెనీ ఇచ్చిన సైజు వేసుకుంటే పేచీ తక్కువ. మోజు పడినా ముందు ఓనర్స్ మాన్యువల్లో ఏయే సైజులు రాసి ఉన్నాయో చూసుకోండి. నా సైజు అందులో లేదు. ఏదైనా జరిగి ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి టైరు మీద అంకెలు చదివి ఉంటే ఏమై ఉండేదో ఊహించుకోవడం కూడా ఇష్టం లేదు.

మర్నాడు పొద్దున్నే పాత 16 అంగుళాల చక్రాలు దింపా. అదృష్టం, అమ్మేయలేదు. మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన టార్పాలిన్ కింద ఉన్నాయి. టైర్లు మాత్రం గట్టిపడిపోయాయి, కొత్తవి కొనాలి. ఈసారి షాపులో స్పోర్ట్ టైరు చూపిస్తే వద్దన్నా. పక్క గోడ మెత్తగా ఉండే మామూలు టూరింగ్ రకం, అదే 195/55. చాచా బిగిస్తూ ఒక్క మాట కూడా అనలేదు. అల్లాయ్‌ని పక్కన దొర్లిస్తూ మాత్రం, "అచ్ఛా దిఖ్తా థా," అన్నాడు. బాగుండేది చూడ్డానికి. నా ముఖం చూసి జాలిపడ్డట్టున్నాడు.

చక్రాలు మార్చాక టో మళ్లీ చూపించా. ఆదివారం పరీక్షకి ఈసారి నేను నడపలేదు. చెల్లిని నడపమని నేను వెనక సీట్లో కూర్చున్నా, నాయిన ముందు. చౌరస్తా, జూ, తాడ్‌బన్. నేను సీటు అంచు పట్టుకునే ఉన్నా. శివరాంపల్లి దాటాక అడిగా, పదికి ఎంత అని.

"ఏంది పదికి?" అంది.

నాయిన నిద్రపోతున్నాడు.

మలుపుల్లో మునుపటి పట్టు లేదు, అది నిజం. ఔటర్ దిగే వంపులో ఒకప్పుడు వచ్చిన ఆ నవ్వు ఇప్పుడు రావట్లేదు. ఫొటోలు కూడా తియ్యట్లేదు. మీరుండే చోట రోడ్లు బల్లపరుపుగా ఉండి, ఆ సైజు మీ మాన్యువల్లో ఉండి, బండి మీరొక్కరే నడిపేటట్టయితే వెడల్పు టైర్లు వేసుకోండి, నేనేం అనను. గాలి చూసుకోండి, టై రాడ్ ఊపించుకోండి, టో అడగండి.

నా నాలుగు అల్లాయ్స్ ఇప్పుడు మంచం కింద ఉన్నాయి. 17 అంగుళాలు, 7.5 వెడల్పు, ఈటీ 35. వంకర లేదు, ఒకదాని అంచున చిన్న గీత ఉంది. ధర అడిగితే నలభై అనే చెప్తా. ఇంట్లో చెప్పింది అదే కదా.